పార్కులో రెండొందల మొక్కలా, పాతిక చెట్లా?

ముందుగా మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నట్టు చెబుతాను. చెన్నై పెరంబూరులో మీ కాలనీకి ఆనుకుని సుమారు ఎకరం కార్పొరేషన్ పార్కు ఉంది. వర్దా తుపానుకు కూలిన పెద్ద చెట్ల ఖాళీలు ఇంకా అలాగే ఉన్నాయి. ఒక కంపెనీ సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత నిధులు) కింద డబ్బిస్తానంది, ఆగస్టు 15న రెండొందల మొక్కలు నాటాలని షరతు పెట్టింది. కడియం నుంచి పదడుగుల మొక్కలు లారీలో తెప్పించి గుల్‌మొహర్, టబెబుయా లాంటి విదేశీ పూలచెట్లు వేద్దామని కొందరు అంటున్నారు. మియావాకీ, అంటే మొక్కలు దట్టంగా నాటి చిన్న అడవిలా పెంచే పద్ధతి, చేద్దామని ఇంకొందరు. అసోసియేషన్‌లో గొడవ తేలక "ఏ చెట్లు వేయాలో మీరే చెప్పండి" అని అడిగారు.

నాది నెల్లూరు జిల్లా. చెన్నైలో స్థిరపడి పార్కుల్లో, కాలేజీ క్యాంపస్‌లలో చెట్ల పని చేయించడమే నా వృత్తి. ఏ చెట్లన్నది కాస్త ఆగి చెబుతాను. దానికంటే ముందు తేల్చుకోవాల్సింది, మీ పార్కులో వేరుకు చోటు ఎక్కడుందన్నది. అది తేలితే చెట్ల పేర్లు వాటంతటవే వస్తాయి. అది తేలకుండా ఎంత మంచి జాబితా ఇచ్చినా ఇంకో తుపాను దాకానే.

2016 డిసెంబరు 12న వర్దా వచ్చినప్పుడు గంటకు వంద కిలోమీటర్లు దాటిన గాలి వీచింది. మర్నాడు ఊరంతా కూలిన కొమ్మలే చూసింది. మా పనివాళ్లు మాత్రం మొదళ్లు చూశారు. ఒక పార్కు గోడ పక్కన పడిన పసుపుపూల తురాయి నాకు బాగా గుర్తు. ఒకవైపు చేయి లావు వేర్లు సాగి, తెగి, చీలికలు పేలికలై ఉన్నాయి. రెండోవైపు, అంటే వానకాలువ కట్టిన వైపు, రంపంతో కోసినట్టు తిన్నగా ఆగిపోయాయి. ఆ కొనలు నల్లబడి, గోటితో గీకితే పొడి రాలేంతగా కుళ్లాయి. కాలువ కోసం తవ్వినప్పుడు ఆ వైపు వేర్లన్నీ నరికేశారు. పైన చెట్టు పచ్చగానే ఉంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. మొదలు చుట్టూ పరిచిన పేవర్ రాళ్లు కొన్ని వేర్ల మధ్య ఇరుక్కుని చెట్టుతో పాటే పైకి లేచాయి.

అప్పట్లో అందరూ ఒకటే మాట అన్నారు: విదేశీ చెట్లు పడిపోయాయి, దేశవాళీ చెట్లు నిలబడ్డాయి అని. అందులో సగం నిజముంది. గుల్‌మొహర్, పసుపుపూల తురాయి, నిద్రగన్నేరు ఎక్కువగా పడ్డాయి. వాటి తల బరువెక్కువ, కొమ్మ పెళుసు. తాటిచెట్లు మాత్రం దాదాపు చెక్కుచెదరలేదు. కానీ ఒకవైపు వేరు కోసేసిన వేపలు, రావిచెట్లు కూడా పడ్డాయి. చుట్టూ ఖాళీ నేల ఉన్న నిద్రగన్నేర్లు కొన్ని కొమ్మలు పోగొట్టుకుని ఇప్పటికీ నీడ ఇస్తున్నాయి. కాబట్టి జాతి ఒక్కటే చూసి తీర్పు చెప్పకండి.

అడయారులో థియొసాఫికల్ సొసైటీ మర్రిని మీరు చూసే ఉంటారు. 1989లో గాలివానకు దాని అసలు మాను కూలిపోయింది. అయినా చెట్టు బతికే ఉంది, చుట్టూ నేలలో దిగిన ఊడలు మోస్తున్నాయి. ఊడ దిగడానికి అక్కడ మట్టి ఉంది. అదే మర్రి మన పార్కుల్లో ఉంటే ఊడ నేలకు తాకేలోపే నడకదారికి అడ్డమని కత్తిరించేస్తాం.

చాలామంది అనుకునేది, చెట్టు పైకి ఎంత ఉంటే కిందకు వేరు అంత దిగుతుందని. పార్కు నేలల్లో అలా జరగదు. నీళ్లు, పోషకాలు లాగే సన్న వేర్లలో ఎక్కువ భాగం పై రెండడుగుల్లోనే ఉంటాయి, ఎందుకంటే వేరుకు గాలి కూడా కావాలి. పక్కలకు మాత్రం కొమ్మల అంచు దాటి చాలా దూరం పోతాయి. రెండు రెట్లు, మూడు రెట్లు పోయిన సందర్భాలు మామూలే. అంటే చెట్టు మొదట్లో మూడడుగుల గుండ్రటి సిమెంటు గట్టు కట్టి లోపల కాస్త మట్టి వదిలితే, చెట్టు బతికే నేలలో నూటికి తొంభై వంతులు రాళ్ల కింద పెట్టినట్టే.

అందుకే మీకు నా మొదటి సలహా, కొత్త మొక్కల డబ్బులో కొంత తీసి ఇప్పటికే ఉన్న చెట్లకు పెట్టండి. వర్దాను తట్టుకుని నిలబడినవి మీ పార్కులో ఎన్నో కొన్ని ఉంటాయి కదా, వాటి మొదలు చుట్టూ పేవర్లు, సిమెంటు తీయించండి. ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయాలని 2013లోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది. నా లెక్కలో మీటరు కనీసం, వీలైతే రెండు మీటర్లు. గునపంతో పొడిచి తీయకండి, రాళ్లను చేత్తో ఒక్కొక్కటే లేపాలి, కింద సన్న వేర్లుంటాయి. తీశాక అక్కడ రాలిన ఆకే మూడు నాలుగంగుళాల మందాన పరవండి, మానుకు మాత్రం తగలకుండా జానెడు దూరం వదలండి. పొద్దున్నే ఆ ఆకులన్నీ ఊడ్చి సంచుల్లో నింపి చెత్త లారీకి ఇచ్చే పద్ధతి ఆపించగలిగితే, ఆ ఒక్క పని రెండొందల మొక్కల పెట్టు. నీడ అన్నది పెద్ద చెట్టు ఇచ్చేది. ఇప్పుడు పెట్టిన మొక్క ఆ స్థాయికి రావడానికి పదిహేను ఇరవై ఏళ్లు పడుతుంది.

ఆ పాత చెట్లను ఒకసారి తలెత్తి కూడా చూడండి. ఎండుకొమ్మలు, మానుకు అంటిన గట్టి పుట్టగొడుగులు, తొర్రలు, ఒకవైపు నేల పగులు, ఈ మధ్యే పెరిగిన వాలు. వీటిలో ఏది కనబడినా కార్పొరేషన్ పార్కుల విభాగానికి రాతపూర్వకంగా ఇవ్వండి, అక్టోబరు లోపే ఎండుకొమ్మలు తీయించండి. తల మొత్తం గొరిగేయడానికి మాత్రం ఒప్పుకోకండి. గొరిగిన చోట గుత్తులుగా వచ్చే కొత్త కొమ్మలకు పట్టు ఉండదు, నాలుగేళ్ల తర్వాత గాలికి విరిగేవి అవే.

ఇక నేల. చెన్నైలో మట్టి అంతా ఒకటి కాదు. తిరువాన్మియూర్, శాంథోమ్, జార్జ్‌టౌన్, తొండియార్‌పేట వంటి సముద్రం వైపు ప్రాంతాలు ఇసుక. గిండీ, వేళచ్చేరి, ఆదంబాక్కం వైపు కొద్దిలోనే రాయి తగులుతుంది. టీ నగర్, అన్నానగర్, మీ పెరంబూరు బంకమన్ను. బంకలో లోతైన గుంత తవ్వడమంత పొరపాటు ఇంకొకటి లేదు. మన ప్రభుత్వ పథకాల అలవాటు కొద్దీ మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, మూడడుగుల లోతు తవ్వి, లోపల ఎర్రమట్టి, పేడ ఎరువు నింపుతారు. నవంబరులో వాన పడితే చుట్టూ ఉన్న బంక నీటిని వదలదు, ఆ గుంత గోలెంలా నిండి నిలుస్తుంది, మొక్క అందులో మునిగి చస్తుంది. ఒకవేళ చావకపోయినా, మెత్తటి మట్టి వదిలి బంకలోకి పోవడానికి వేరుకు మనసు రాదు. గుంతలోనే చుట్టుకుంటూ పెరుగుతుంది.

బంకనేలలో గుంత వెడల్పుగా, లోతు తక్కువగా ఉండాలి. సంచిలోంచి వేర్లతో వచ్చే మట్టిగడ్డ ఎంత లోతుందో అంతే లోతు, వెడల్పు దానికి రెండు మూడింతలు. తవ్విన మట్టే తిరిగి వేయండి, ఎరువు కావాలంటే పైన పరవండి. గుంత గోడలు గడ్డపార దెబ్బకు నున్నగా మెరుస్తుంటాయి, వాటిని పారతో గరుకుగా గీయించండి. మొక్కను చుట్టుపక్కల నేలకంటే నాలుగైదు అంగుళాలు ఎత్తుగా, చిన్న మట్టిదిబ్బ మీద నిలబెట్టండి. మాను అడుగున వెడల్పయ్యే భాగం మట్టిలో పూడిపోకూడదు, పైకి కనబడాలి.

మొదలుపెట్టే ముందు ఒక పరీక్ష చేయండి, ఖర్చు లేనిది. పార్కులో మూడు నాలుగు చోట్ల అడుగున్నర లోతు గుంత తీసి నీళ్లు నింపండి. అవి ఇంకాక మళ్లీ నింపి, మర్నాడు అదే వేళకు చూడండి. నీళ్లన్నీ పోతే బాగుంది. సగం మిగిలితే దిబ్బ తప్పనిసరి. అలాగే నిలిచి ఉంటే అక్కడ తడికి ఓర్చే చెట్లు తప్ప ఇంకేవీ వద్దు.

తేదీ సంగతికి వస్తాను, మీ అసోసియేషన్‌తో మీకు అసలు పేచీ ఇక్కడే వస్తుందని తెలుసు. దేశంలో వనమహోత్సవం 1950లో కె.ఎం. మున్షీ కేంద్రమంత్రిగా ఉన్నప్పుడు జూలై మొదటి వారంలో మొదలైంది. తెలంగాణలో హరితహారం కూడా 2015 జూలైలోనే మొదలుపెట్టారు. నైరుతి వాన పడే ఊళ్లకు అది సరైన కాలం. హైదరాబాదు నుంచి, విజయవాడ నుంచి వచ్చినవాళ్లు మనసులో అదే క్యాలెండర్ పెట్టుకుని ఉంటారు. కానీ చెన్నైకి ఏటా పడే సుమారు 1,400 మిల్లీమీటర్ల వానలో సుమారు అరవై శాతం అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యలో పడుతుంది. ఆగస్టులో సాయంత్రం పూట ఉరిమి ఒక జల్లు కొట్టినా, మర్నాడు మధ్యాహ్నానికి నేల మళ్లీ పొడే.

అలాగని నవంబరు దాకా ఆగమనడం లేదు. ఈశాన్య రుతుపవనం మామూలుగా అక్టోబరు 20 ప్రాంతంలో మొదలవుతుంది. బంకనేల ఒకసారి తడిస్తే పార దిగదు, దిగినా మట్టి ముద్దలవుతుంది, వేరుకు గాలి ఆడదు. మీకు సరైన సమయం సెప్టెంబరు రెండో వారం నుంచి అక్టోబరు మొదటి వారం దాకా. మొదటి నెల మీరు నీళ్లు పోయండి, ఆ తర్వాత రెండున్నర నెలలు ఆకాశం పోస్తుంది. డిసెంబరు గాలుల నాటికి మొక్క కొంత కాలూనుకుంటుంది.

ఆగస్టు 15న ఏం చేయాలి మరి? కంపెనీవాళ్లకు ఫొటో కావాలి, మనకు చెట్లు కావాలి, రెండూ కుదురుతాయి. ఆ రోజు పాత చెట్ల చుట్టూ పేవర్లు లేపే కార్యక్రమం పెట్టండి. వందమంది పట్టే పని అది, మొక్క నాటడంలా రెండు నిమిషాల్లో అయిపోదు. బ్యానరు కూడా కట్టుకోవచ్చు. ముఖ్య అతిథి చేత ఒక్క మొక్క నాటించండి. ఎలాగూ ఆయన నాటినదానికే తోటమాలి రోజూ నీళ్లు పోస్తాడు, మిగతా నూటతొంభై తొమ్మిదింటిని పట్టించుకునేవాడు ఉండడు.

కడియం లారీ గురించి. కడియం నర్సరీలంటే మన గోదావరి జిల్లాకు గర్వకారణం, వాళ్ల పనితనం దేశమంతా తెలుసు. పూలమొక్కలు, అంటుమొక్కలు, కుండీ మొక్కలు తెచ్చుకోండి. పదడుగుల చెట్టుమొక్కలు మాత్రం కడియం నుంచైనా, రెడ్‌హిల్స్ దారిలో మన పక్కనున్న నర్సరీల నుంచైనా వద్దు. అంత ఎత్తు పెరిగేదాకా ఆ మొక్క సంచిలో ఉంది. నల్ల సంచి అడుగు బ్లేడుతో కోసి చూడండి. చాలాసార్లు బొటనవేలు లావు వేరు సంచి అంచు వెంబడి రెండు మూడు చుట్లు తిరిగి, తన మీదే తాను ఎక్కి కనబడుతుంది. నాటాక ఆ చుట్లు తిన్నగా కావు. లావెక్కుతూ పోయి ఏడెనిమిదేళ్లకు మానునే బిగిస్తాయి, లేదా ఓ గాలికి చెట్టు సంచి ఆకారంలో ఉన్న వేరుముద్దతో సహా పక్కకు ఒరుగుతుంది.

మూడు నాలుగడుగుల మొక్క తీసుకోండి. మూడేళ్లు తిరిగేసరికి అది పదడుగుల దాన్ని అందుకుంటుంది, ఒక్కోసారి దాటుతుంది కూడా. ధర పదో వంతు. నర్సరీలో మానును సంచి దగ్గర పట్టుకుని మెల్లగా ఊపండి. మట్టిగడ్డంతా కలిసి కదిలితే వేరు పట్టినట్టు. మాను ఒక్కటే ఊగితే ఈ మధ్యే సంచి మార్చారు, వదిలేయండి. సంచి చీల్చుకుని కింద నేలలోకి వేరు దిగినదీ వద్దు, లేపేటప్పుడు ఆ వేరు తెగుతుంది. నాటేటప్పుడు సంచి పూర్తిగా తీసేయాలి (అడుగున చిల్లులు పెట్టి సంచితోనే పాతేసినవి నేను బోలెడు తవ్వి తీశాను), మట్టిగడ్డ కింది భాగాన్ని అరంగుళం మేర కోసేసి, పక్కల నాలుగు చోట్ల నిలువుగా పదునైన కత్తితో గీయాలి. చుట్టుకున్న సన్న వేర్లు విప్పాలి. పనివాళ్లు "చచ్చిపోతుంది సార్" అంటారు. చావదు.

రెండొందల లెక్కను ఒక్కసారి కాగితం మీద వేయండి. ఎకరమంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. పెద్ద చెట్టుకు పది మీటర్ల ఎడం ఇస్తే మొత్తం ఎకరానికి నలభై పడతాయి. అందులోంచి నడకదారి, పిల్లల ఆటస్థలం, బోరు, ఇప్పుడున్న చెట్లు తీసేయండి. కొత్తవి పాతికకు మించి పట్టవు, అందులోనూ పెద్దవి ఎనిమిదో పదో. కంపెనీకి రెండొందలు కావాలంటే మిగతావి పొదలుగా ఇవ్వండి, దానికి నేను అడ్డు చెప్పను. నిజానికి మన పార్కుల్లో లేనిది అదే. పైన చెట్టు, కింద గడ్డి, మధ్యలో ఏమీ ఉండదు. గిండీ జాతీయ పార్కు చిన్నది, 2.7 చదరపు కిలోమీటర్లే, కానీ కోరమాండల్ తీరపు అసలు అడవి ఎలా ఉంటుందో అక్కడ తెలుస్తుంది. పొట్టి చెట్లు, మొదట్లోనే నాలుగైదు మాన్లుగా చీలినవి, వాటి కింద ముళ్లపొదలు, తీగలు. కలివి, ఊడుగ, అడవినిమ్మ లాంటివి గోడవారన గుంపుగా వేయండి. పిట్టలకు తిండి, గూడు రెండూ అక్కడే.

మియావాకీ కూడా దీనితోనే ముడిపడి ఉంది. జపాన్ వృక్షశాస్త్రవేత్త అకిరా మియావాకీ రూపొందించిన పద్ధతిలో చదరపు మీటరుకు మూడు నాలుగు మొక్కలు వేస్తారు. ఆ లెక్కన మీ రెండొందల మొక్కలకు అరవై చదరపు మీటర్లు చాలు, అంటే ఒక చిన్న ఫ్లాటంత జాగా. ట్రాన్స్‌ఫార్మర్ పక్కనో, రోడ్డు దుమ్ము వచ్చే గోడవారనో అలాంటి దట్టమైన ముక్క ఒకటి పెట్టుకోండి, బాగుంటుంది. పార్కు మొత్తం మాత్రం వద్దు. చిక్కగా పెరిగాక దాని కింద నడవలేరు, కూర్చోలేరు. సాయంత్రం వాకింగ్‌కు వచ్చే ఆడవాళ్లకు దారి పక్కన ఆరడుగుల చీకటి పొద ఉంటే టెన్షన్‌గా ఉంటుంది, పార్కుకు రావడం మానేస్తారు. ఆ తర్వాత పాములంటూ ఫిర్యాదు వెళ్తుంది, ఒకరోజు జేసీబీ వస్తుంది. దానికీ మొదటి రెండు మూడేళ్లు నీళ్లు, కలుపు తప్పవు. "నాటి వదిలేస్తే అడవి అవుతుంది" అని ఎవరైనా చెబితే నమ్మకండి.

సరే, చెట్లు. ఇక్కడి నర్సరీల్లో తమిళ పేర్లే రాసి ఉంటాయి కాబట్టి అవీ చెబుతున్నాను.

నీళ్లు నిలిచే మూలకు తెల్లమద్ది, మరుదం అని అడగండి. ఏటిగట్ల చెట్టు, తడికి భయపడదు. దానితో పాటు నేరేడు, నావల్ అంటారు. నేరేడును నడకదారి మీదకు రానివ్వకండి, జూన్‌లో పండ్లు రాలి రాళ్లు ఊదారంగుకు మారతాయి, జారిపడ్డవాళ్లు మీ మీదకే వస్తారు. ఉలిమిడి కూడా ఆ మూలకే, ఇక్కడ మావిలింగం. ఎండాకాలం మొదట్లో ఆకంతా రాల్చి తెల్లగా, లేతపసుపుగా పూస్తుంది. గుల్‌మొహర్ ప్రియులను శాంతపరచడానికి దీన్ని చూపించండి.

నడకదారికి పొగడ, అదే మగిళం. ఏడాది పొడవునా ఆకు ఉంటుంది, కొమ్మ గట్టిది, పొద్దున్నే రాలిన పూలు ఏరుకునే పెద్దవాళ్లు పార్కుకు కాపలా కూడా అవుతారు. నెమ్మదిగా పెరుగుతుంది, ఓపిక పట్టాలి. కానుగ, ఇక్కడ పుంగం, తొందరగా నీడనిస్తుంది. ఆకుమీద మచ్చలు, బుడిపెలు వస్తే కంగారుపడి మందు కొట్టకండి, దానికవి మామూలే. కాస్త ఎత్తైన చోట ఒక ఇప్ప వేయండి, ఇలుప్పై. పాత శివాలయాల్లో చూస్తాం తప్ప కొత్తగా వేసేవాళ్లు అరుదు. రంగు కావాలంటే రేల, అంటే శరక్కొండ్రై, మే ఎండలో పసుపు గుత్తులు వేలాడదీస్తుంది. పెద్దది కాదు కాబట్టి ఇరుకుచోట కూడా సర్దుకుంటుంది.

మధ్యలో, గోడకూ బోరుకూ పది మీటర్లకు తగ్గని దూరంలో ఒక్క మేడి. ఇక్కడ అత్తి. ఒక్కటి చాలు. అది కాసినప్పుడు పిట్టల సందడి చూస్తే మీ అసోసియేషన్‌లో మిగతా గొడవలు మర్చిపోతారు.

సముద్రం వైపు ఉండి ఇది చదువుతున్నవాళ్లకు, మీకు పొన్న, గంగరావి. ఇక్కడ పున్నై, పూవరసు అంటారు. ఉప్పుగాలికి, ఇసుకకు ఇవి ఓర్చినట్టు మిగతావి ఓర్చవు.

వేప ఒకటో రెండో చాలు. ఆ మాట అంటే కోపం వస్తుందని తెలుసు. 2021లో తెలంగాణలో వేపలు కొమ్మ చివర్ల నుంచి ఎండుతూ వచ్చిన సంగతి గుర్తుందా? శిలీంధ్రం వల్ల వచ్చే తెగులు. చాలావరకు మళ్లీ చిగిర్చాయి, అది వేప గొప్పతనం. కానీ పార్కంతా వేపే ఉంటే ఆ ఏడాది నీడ అన్నదే ఉండదు. విశాఖలో 2014 హుద్‌హుద్ తుపాను తర్వాత తొందరగా పచ్చదనం రావాలని ఏడాకుల పాల మొక్కలు విపరీతంగా నాటారు. ఇప్పుడు చలికాలం రాగానే ఆ పూల ఘాటుకు తలనొప్పి, దగ్గు అని జనం గోల. చెట్టు తప్పేం లేదు, అడవిలో అక్కడొకటి ఇక్కడొకటి ఉండే చెట్టును వీధికి వంద పెట్టారు. అమెరికా శాస్త్రవేత్త ఫ్రాంక్ సాంటమర్ 1990లో ఒక కొలత చెప్పాడు: ఊరి చెట్లలో ఒకే జాతి పది శాతం, ఒకే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) ఇరవై శాతం, ఒకే కుటుంబం ముప్ఫై శాతం మించకూడదని. అది ఊరంతటికీ చెప్పిన లెక్క. మీ పాతిక చెట్లకు సులువుగా చెప్పాలంటే, ఏ చెట్టూ మూడుకు మించి వద్దు.

గుల్‌మొహర్, టబెబుయా అసలు వద్దా? విదేశీ చెట్టు కనిపిస్తే గొడ్డలి తీసే మనిషిని కాను నేను. బెంచీలకు, ఆటస్థలానికి దూరంగా టబెబుయా ఒకటి వేసుకోండి, పూసినప్పుడు అందంగానే ఉంటుంది. గుల్‌మొహర్ మాత్రం తుపాను దారిలో ఉన్న ఊళ్లో, పిల్లలు ఆడేచోట నేను వేయించను. కోనోకార్పస్ అనే విదేశీ మొక్క ఎవరు ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి. తెలంగాణ, గుజరాత్ వద్దన్నాక మిగిలిన మొక్కలు ఎక్కడో ఒకచోట అంటగట్టాలని చూస్తుంటారు.

నాటాక పనే ఎక్కువ. జనవరి నుంచి వచ్చే సెప్టెంబరు దాకా చెన్నైలో నమ్మదగ్గ వాన లేదు. మొదటి వేసవి వారానికి రెండుసార్లు, చెట్టుకు ఇరవై లీటర్లు, నెమ్మదిగా ఇంకేలా పోయాలి. పాతిక చెట్లకు ఒక్కో విడతకు ఐదొందల లీటర్లు. రెండో ఏడు వారానికోసారి, మూడో ఏడు ఎండ ముదిరినప్పుడు మాత్రం. రోజూ పైపుతో నేల తడిపి పోతే వేరు పైపైనే ఉండిపోతుంది. పక్క అపార్ట్‌మెంట్‌లో మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు ఉంటే ఆ నీళ్లు అడగండి, చెట్లకు పనికొస్తాయి. ఆర్వో మెషిన్ల నుంచి వదిలే నీళ్లు మాత్రం పోయకండి. అందులో ఉప్పు పేరుకుంటుంది, బంకనేలకు అది ఇంకా చెరుపు.

పార్కులో చిన్న మొక్కలను ఎక్కువగా చంపేది ఎండ కాదు, గడ్డి కోసే మెషిన్. గిర్రున తిరిగే ఆ నైలాన్ తీగ మడమ ఎత్తున మాను చుట్టూ బెరడును కొరుకుతుంది. దూరం నుంచి సన్నటి తెల్ల గీతలా కనబడుతుంది, అంతే. బెరడు చుట్టూ తెగితే పైనుంచి వేరుకు తిండి దిగదు. మొక్క ఇంకో ఆరు నెలలు పచ్చగా ఉండి, తర్వాత ఎందుకో తెలియకుండా ఎండుతుంది. అందుకే ప్రతి మొక్క చుట్టూ మీటరు మేర గడ్డి తీసేసి ఆకు పరిచి ఉంచాలి, మెషిన్ అక్కడికి రావాల్సిన అవసరమే ఉండకూడదు. ఆసరాకు రెండు కర్రలు, మధ్యలో గోనెపట్టీతో వదులుగా కట్టండి, మాను కొంచెం ఊగాలి. ఊగితేనే మొదలు లావెక్కుతుంది. ఏడాది తర్వాత కర్రలు తీసేయండి. దాతల పేర్లు రాసిన ఇనుప గార్డులు పెడితే మూడేళ్లకు తీసేస్తామని ఇప్పుడే రాయించుకోండి, లేకపోతే ఇనుము మానులోకి దిగిపోతుంది.

డబ్బు పంపకం నా అంచనాలో ఇలా ఉండాలి. మొక్కలకు, నాటడానికి కలిపి పావు వంతు. పేవర్లు తీయడానికి, పాత చెట్ల కొమ్మల పనికి ఇంకో పావు. మిగతా సగం మూడేళ్ల నీళ్లకు, తోటమాలికి. కార్పొరేషన్ తరఫున కాంట్రాక్టరు మనిషి పార్కులో ఉంటాడు కదా, ఆయన్ను తప్పించి వేరే మనిషిని పెట్టకండి. ఆయనకే నెలనెలా కొంత అదనంగా ఇచ్చి, ఏ చెట్టు ఏమిటో నేర్పించండి. పార్కు మీది కాదు కాబట్టి గుంత తవ్వే ముందు పార్కుల విభాగం నుంచి అనుమతి కాగితం మీద తీసుకోండి, నేల కింద కేబుళ్లు, పైపులు ఎక్కడున్నాయో కూడా అప్పుడే అడగండి. కంపెనీ ఒప్పుకోకపోతే? నాటిన సంఖ్య బదులు మూడో ఏడు చివర బతికి ఉన్న సంఖ్యను వాళ్ల రిపోర్టులో వేసుకోమనండి. పాతికలో ఇరవై రెండు బతికాయని చెప్పుకోవడం వాళ్లకూ గౌరవమే. అప్పటికీ కుదరకపోతే ఇంకో దాతను చూసుకోండి, పెరంబూరులో అంత కరువేం లేదు.

ఇప్పుడు మీరు చేయాల్సింది పరీక్ష గుంతలు. నీళ్లు నింపిన మర్నాడు ఏ గుంతలో ఎన్ని అంగుళాలు మిగిలాయో, పార్కు నమూనా కాగితం మీద గీసి, ఇప్పుడున్న చెట్లు, గోడ, బోరు, దీపస్తంభాలు గుర్తులు పెట్టి పంపండి. ఏ చెట్టు ఏ చోటికో దాని మీదే వేసి ఇస్తాను.